రాత్రి డ్యూటీ డాక్టరు ఎప్పుడు నిద్రపోవాలి?



మన ఓపీ ద్వారం పక్కన చెక్కతో చేసిన సలహాల పెట్టె ఒకటి ఉన్నదని మీకు తెలుసు. ప్రతి శనివారం దాని తాళం తీసి కాగితాలన్నీ చదువుతాము. ఎక్కువగా బాత్రూముల గురించి, తిరగని ఫ్యాన్ల గురించి, మందుల కౌంటరు దగ్గర వరుస తప్పి వచ్చేవారి గురించి ఉంటాయి. ఒక శనివారం మాత్రం నోటుపుస్తకం నుంచి చింపిన కాగితం మీద ఒక కూతురు రాసిన నాలుగైదు వాక్యాలు కనిపించాయి. షుగరు ఉన్న తండ్రిని చూపించడానికి చర్ల వైపు నుంచి చీకటితోనే బయలుదేరి వచ్చారట. డాక్టరమ్మ ముఖమెత్తి చూడలేదట. మందులు ఎందుకు మానేశారని కసురుకుని, ఫైలును బల్ల మీదికి విసిరినట్టు తోసిందట. "మిషను ఆసుపత్రి అంటే ప్రేమగా చూస్తరని వచ్చినం. ఇదేనా ప్రేమ?" అని చివర రాసింది. పేరు రాయలేదు.

ఆ చివరి మాట మమ్మల్ని గుచ్చింది. డాక్టరమ్మను పిలిచి మందలించాలని కూడా అనుకున్నాము. దానికి ముందు డ్యూటీ రిజిస్టరు తెప్పించి చూశాము. అది చూశాక ఎవరిని మందలించాలో మాకే తెలియలేదు.

ఆమె ఆదివారం ఉదయం 8 గంటలకు డ్యూటీ ఎక్కారు. పగలంతా వార్డు, సాయంత్రం ఒక కాన్పు, ఆ తర్వాత పాము కాటు కేసు. రాత్రి రెండున్నర దాటాక సరిహద్దు అవతలి గుత్తికోయ గూడెం నుంచి ఒక బిడ్డను మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చారు. మెదడుకెక్కిన మలేరియా. నాలుగు గంటలకు ఆ బిడ్డ చనిపోయింది. తల్లికి తెలుగు రాదు. వార్డు ఆయమ్మ కోయ భాషలో చెప్పింది. ఆరు గంటలకు ఫిట్స్‌తో ఇంకొక బిడ్డ వచ్చింది. ఆ బిడ్డ బరువు 12 కిలోలు. డాక్టరమ్మ చీటీ మీద 21 అని రాసి, ఆ లెక్కనే ఫిట్స్ మందు డోసు వేశారు. మందు సిరంజిలోకి తీస్తున్న సిస్టరు గారు ఆగి, బిడ్డ వైపు ఒకసారి, చీటీ వైపు ఒకసారి చూసి, "డాక్టర్ గారూ, ఈ పిల్ల 21 కిలోలు ఉంటుందంటారా?" అని అడిగారు. దేవుని కృప వలన ఆ బిడ్డ క్షేమంగా ఇంటికి వెళ్ళింది. చర్ల నుంచి వచ్చిన పెద్దాయన డాక్టరమ్మ ఎదుట కూర్చునేసరికి సోమవారం ఉదయం తొమ్మిదిన్నర. అప్పటికి ఆమె మేలుకొని ఇరవై ఆరు గంటలు పైబడింది.

ఇదంతా ఆమె అనుమతితోనే రాస్తున్నాము. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసివేశాము. ఆ డ్యూటీ చార్టు వేసింది ఆమె కాదు, మేము.

రెసిడెంటు అంటే ఎవరు?

మీలో చాలామంది వీరిని "చిన్న డాక్టర్లు" అంటారు. పేపర్లు "జూడాలు" అని రాస్తాయి. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, హౌస్ సర్జన్ ఒక ఏడాది ముగిశాక, పిల్లల వైద్యమో, సర్జరీయో, ఫ్యామిలీ మెడిసినో నేర్చుకుంటూ పనిచేసేవారు రెసిడెంటు డాక్టర్లు. రెసిడెంటు అంటే అక్కడే నివాసముండేవాడని అర్థం. 19వ శతాబ్దం చివర అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో డాక్టర్ విలియం ఆస్లర్ వంటివారు ఈ పద్ధతి పెట్టినప్పుడు యువ డాక్టర్లు నిజంగా ఆసుపత్రిలోనే కాపురముండేవారు. కాలం మారినా ఆ పేరు పోలేదు, పేరులోని పని గంటలూ పోలేదు.

ఇప్పుడు మన ప్రాంతంలో వీరు మునుపటికంటే ఎక్కువగా కనిపిస్తారు. ఖమ్మంలో మమత వైద్య కళాశాల 1998 నుంచి ఉన్నది. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అంతేగాక పీజీ చదివే ప్రతి డాక్టరు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలని 2020లో నిబంధన వచ్చింది. మనవంటి మిషను ఆసుపత్రులకు ఇంకొక దారిలో కూడా యువ డాక్టర్లు వస్తారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో సంఘాల సిఫారసు మీద సీటు పొందినవారు, చదువు ముగిశాక రెండేళ్ళు మిషను ఆసుపత్రిలో సేవ చేస్తామని మాట ఇచ్చి వస్తారు. ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్ళ పిల్లలు. మన ఇళ్ళలో ఆ వయసు పిల్లలకు ఇంకా అమ్మే అన్నం వడ్డిస్తుంది.

నిద్రలేమి, మద్యం ఒకే లెక్క

1997లో ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. కొందరిని నిద్రపోనివ్వకుండా ఉంచి చేతికీ కంటికీ పని పెట్టారు. వారికే మరొక రోజు మద్యం ఇచ్చి అదే పని పెట్టారు. పదిహేడు గంటలు మేలుకొన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాని పనితీరుతో సమానంగా ఉన్నది. ఇరవై నాలుగు గంటలైతే 0.10 శాతంతో సమానం. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. ఆ లెక్క ప్రకారం సోమవారం ఉదయం మన డాక్టరమ్మ స్కూటీ ఎక్కితే ట్రాఫిక్ పోలీసు ఆపవలసిందే. మేము మాత్రం ఆమెను ఓపీలో కూర్చోబెట్టి అరవై మంది రోగులను ఇచ్చాము.

2004లో బోస్టన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో యువ డాక్టర్ల వెంట పరిశీలకులను పెట్టి లెక్క తీశారు. ఇరవై నాలుగు గంటలు దాటే పాత డ్యూటీలలో, కుదించిన డ్యూటీలలోకంటే తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువగా జరిగాయి. అమెరికాలో ఈ చర్చకు మూలం ఒక ఇంటి దుఃఖం. 1984లో న్యూయార్కులో లిబ్బీ జియన్ అనే పద్దెనిమిదేళ్ళ అమ్మాయి జ్వరంతో ఆసుపత్రిలో చేరి కొద్ది గంటల్లోనే చనిపోయింది. రాత్రంతా పనిచేస్తున్న శిక్షణ డాక్టర్ల గురించి ఆమె తండ్రి పోరాడగా, 1989లో ఆ రాష్ట్రం వారానికి 80 గంటల హద్దు పెట్టింది. 2003లో ఆ దేశమంతటా అదే నియమమైంది.

మన దేశంలో నియమం లేదా అని అడుగుతారేమో. ఉన్నది. కేంద్ర ఆరోగ్యశాఖ 1992లోనే రెసిడెంట్లకు మామూలుగా వారానికి 48 గంటలు, ఒక్క విడతలో 12 గంటలకు మించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. "పని అవసరాన్ని బట్టి" సడలించవచ్చునని కూడా అందులో ఉన్నది. ఆ చిన్న కిటికీలోంచి ముప్పై ఏళ్ళుగా ఏనుగులు వెళుతున్నాయి. 2023 పీజీ నిబంధనలు సమంజసమైన పని గంటలు, రోజుకు తగిన విశ్రాంతి, వారానికి ఒక సెలవు ఇవ్వాలన్నాయి గాని, సమంజసమంటే ఎన్ని గంటలో అంకె వేయలేదు.

అంకె వేసింది జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్సు. వైద్య విద్యార్థుల మనసు ఆరోగ్యం మీద 2024లో అది ఇచ్చిన నివేదిక చదివి మేము కాసేపు మాట్లాడుకోలేకపోయాము. సర్వేలో జవాబిచ్చిన 5 వేలకు పైగా పీజీ విద్యార్థులలో 31 శాతం మందికి అంతకు ముందు ఏడాదిలో చనిపోవాలనే ఆలోచన వచ్చిందట. ప్రతి ముగ్గురిలో ఒకరు అన్నంత. దాదాపు సగం మంది వారానికి 60 గంటలకు మించి పనిచేస్తున్నారు. సగానికి పైగా మందికి వారపు సెలవు సరిగా దొరకడం లేదు. వారానికి 74 గంటలకు మించరాదని, అందులో ఇరవై నాలుగు గంటల డ్యూటీ ఒక్కటే ఉండాలని, మిగిలిన అయిదు రోజులు పదేసి గంటలు, ఒక రోజు పూర్తి సెలవు ఉండాలని ఆ నివేదిక సూచించింది.

ఈ అంకెల వెనుక మన వైపు ముఖాలు కూడా ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో మత్తు వైద్యం పీజీ చదువుతున్న ఒక తండా బిడ్డ మరణం తెలంగాణ అంతటినీ కదిలించింది. సీనియర్ వేధించాడని కేసు నమోదయింది. 2024 ఆగస్టులో కలకత్తాలో సుదీర్ఘ డ్యూటీ మధ్య సెమినార్ హాలులో కాసేపు పడుకున్న రెసిడెంటు డాక్టరును అక్కడే చంపారు. ఆమె పడుకోవడానికి గడియ ఉన్న గది ఒక్కటి ఆ రాత్రి దొరకలేదు. ఆ తర్వాత సుప్రీంకోర్టు వైద్యుల భద్రత మీద వేసిన జాతీయ బృందంలో హైదరాబాదు డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి గారు కూడా ఒక సభ్యులు.

మేము మొదట చేసిన పొరపాటు

ఇక మన ఇంటి సంగతి. సలహాల పెట్టెలోని కాగితం చూసి, రిజిస్టరు చూసి, మా మనస్సాక్షి మేలుకొని, మేము ఏం చేశామో వింటే నవ్వుతారు. పట్నం నుంచి ఒక వక్తను పిలిపించాము. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు చాపెల్ హాలులో ప్రొజెక్టరు పెట్టి "ఒత్తిడిని జయించుట" అని రెండు గంటల క్లాసు. ఊపిరి ఎలా తీసుకోవాలి, సమయం ఎలా సర్దుకోవాలి, డైరీ ఎలా రాయాలి. వక్త మంచివారే, చెప్పింది మంచిదే. ముగ్గురు యువ డాక్టర్లలో ఇద్దరు కూర్చునే నిద్రపోయారు. మూడో అబ్బాయి చివరిదాకా మర్యాదగా విని, టీ తాగేటప్పుడు మాతో అన్నాడు: "సార్, నిన్న రాత్రి డ్యూటీ నాది. ఈ రెండు గంటలు నిద్రకు ఇచ్చి ఉంటే నాకు ఒత్తిడి అంతగా ఉండేది కాదు."

తర్వాత తెలిసింది, ఈ పొరపాటు మేమొక్కరమే చేయలేదు. డాక్టర్ల అలసట మీద అనేక పరిశోధనలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2017లో వచ్చింది. డాక్టరును మార్చాలని చేసే క్లాసులకంటే, ఆసుపత్రి తన పద్ధతిని మార్చుకున్నప్పుడే మేలు ఎక్కువగా కనిపించిందని అది చెప్పింది. పొలంలో నీరు లేనప్పుడు పైరుకు ధైర్యం చెప్పి ఏం లాభం?

అప్పుడు ఆ ముగ్గురికీ తెల్లకాగితాలు ఇచ్చి, పేరు రాయకుండా, మీకు ఏం కావాలో రాయమన్నాము. జీతం అని రాస్తారనుకున్నాము. ఎవరూ రాయలేదు. రాత్రి డ్యూటీ తర్వాత నిద్ర కావాలి. మెస్సు తొమ్మిదికే మూస్తారు, పది తర్వాత కూడా వేడిగా అన్నం కావాలి. డ్యూటీ గది తలుపుకు లోపల గడియ కావాలి. ఆ గది బాత్రూములో లైటు కావాలి. అర్ధరాత్రి ఫోను చేస్తే పెద్ద డాక్టరుగారు "ఇంత చిన్న దానికా" అనకూడదు. ఒక కాగితం మీద ఒకే వాక్యం ఉన్నది. పేషంటు చనిపోయిన తర్వాత ఎవరైనా నన్ను ఒక్క మాట అడిగితే బాగుండును అని.

గడియ ఆ సాయంత్రమే పెట్టించాము. మన కాంపౌండు వడ్రంగి అరగంటలో పని ముగించాడు. అరగంట పని ఎన్నేళ్ళు ఆగిందో లెక్క వేసుకుంటే తల వంచుకోవలసి వచ్చింది. అన్నం సంగతి స్త్రీల మైత్రి వారి చెవిన పడగానే, మేము అడగకుండానే, వంతుల వారీగా రాత్రి హాట్‌బాక్సు పంపడం మొదలుపెట్టారు. ఒక పెద్దమ్మ అయితే మామిడికాయ పప్పు తెచ్చి, డాక్టరు బాబు తినేదాకా గది బయట బెంచీ మీదే కూర్చుంటుంది. "తిన్నవా బిడ్డా?" అని అడిగి, ఖాళీ గిన్నె చూసుకునిగాని లేవదు.

నిద్ర మాత్రం అంత సులువుగా దొరకలేదు. రాత్రి చేసినవారు ఉదయం 9 గంటలకల్లా వార్డు అప్పగించి వెళ్ళిపోవాలని నియమం పెట్టాము. దాంతో సోమవారం ఓపీలో ఒక డాక్టరు తగ్గారు. వరుస పెరిగింది. "నిన్న చూసిన డాక్టరు ఏడీ? పండుకున్నడా?" అని గొడవలు అయ్యాయి. ఒక రోజు మీలో ఒకరు మందుల కౌంటరు అద్దం మీద గట్టిగా గుద్దారు కూడా. ఆసుపత్రుల మీద, సిబ్బంది మీద దాడులు శిక్షార్హమని 2008లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. దాని బోర్డు మన గోడ మీద ఉన్నది. బోర్డు చూపించి మనుషులను శాంతపరచలేమని మాకు తెలుసు. అందుకే ఇంత పెద్ద వ్యాసం రాస్తున్నాము.

గంటలు తగ్గిస్తే చాలునా అంటే అదీ కాదు. బోస్టన్ బృందంలోని వారే మరికొన్ని ఆసుపత్రులతో కలిసి 2020లో ఇంకొక ఫలితం ప్రకటించారు. ఈసారి పిల్లల ఐసీయూలలో పెద్ద డ్యూటీలు తీసివేసినప్పుడు పొరపాట్లు తగ్గలేదు సరికదా, పెరిగాయి. కారణం వెదికితే, డ్యూటీ కుదించిన చోట ఒక్కొక్క డాక్టరు మీద పడిన రోగుల సంఖ్య పెరిగింది. డాక్టర్లను పెంచకుండా గంటలను కోస్తే, బరువు ఒక భుజం మీది నుంచి ఇంకొక భుజం మీదికి జారుతుంది, అంతే. మన దగ్గర కూడా ఉన్నది ముగ్గురే. ఆరుగురు ఉండవలసిన చోట ముగ్గురు. ఈ మాట దాచి, పెద్ద మార్పు చేసేశామని మీకు చెప్పలేము.

గంటలు చిన్నవైతే మరొక ప్రమాదం అప్పగింతలో ఉన్నది. రాత్రి డాక్టరు తలలో ఉన్నది పగటి డాక్టరు తలలోకి వెళ్ళాలి. 2014లో అమెరికాలో తొమ్మిది ఆసుపత్రులు అప్పగింతకు ఒక వరుస పెట్టుకుని, రోగి ఎంత సీరియస్, ఏం జరిగింది, ఏం చేయాలి, ఏం జరిగితే ఏం చేయాలి, విన్నవారు తిరిగి చెప్పాలి అని ఖాయం చేసుకుంటే, పొరపాట్లు 23 శాతం తగ్గాయి. మనము కూడా ఉదయం, రాత్రి 8 గంటలకు అప్పగింత పెట్టాము. సిస్టర్లు తప్పక ఉండాలన్నాము. 12 కిలోల బిడ్డను కాపాడింది సిస్టరు గారి ప్రశ్నే కదా. ఆ పావుగంట తలుపు మూసి ఉంటే దయచేసి తట్టకండి. లోపల మీ మంచం నంబరే చెప్పుకుంటున్నారు.

గురువారం సాయంత్రం

ఇంగ్లండులో 1950లలో మైకేల్ బాలింట్ అనే వైద్యుడు కొందరు కుటుంబ డాక్టర్లను గుండ్రంగా కూర్చోబెట్టి, మీ మనసులో తిరుగుతున్న ఒక రోగి గురించి చెప్పండి అనేవారు. జబ్బు గురించి కాదు, ఆ రోగి మీలో ఏం కదిలించాడో చెప్పమనేవారు. అటువంటి కూడిక ఒకటి మనము గురువారం సాయంత్రం గంటసేపు పెట్టుకున్నాము. డాక్టర్లు, సిస్టర్లు, వీలైతే ఆయమ్మలు. ఏదీ రాసుకోము. బయట చెప్పము.

మొదటి నెల అది నడవలేదు. తప్పు మన చాప్లిన్ అయ్యగారిదని ఆయనే ఒప్పుకున్నారు. ఎవరైనా నోరు తెరవగానే వెంటనే ఒక వాక్యం తీసి ఆదరించేవారు. ఆదరణ త్వరగా వచ్చేస్తే దుఃఖం బయటికి రాదు. ఇప్పుడు ఆయన మూల కుర్చీలో కూర్చుని వింటారు, చివర చిన్న ప్రార్థన చేస్తారు, కావాలనుకున్నవారికి మాత్రమే. హిందూ సిస్టరు గారు ఒకరు, ముస్లిం ల్యాబ్ టెక్నీషియన్ ఒకరు కూడా ఇప్పుడు క్రమంగా వస్తున్నారు.

అక్కడ ఎవరు ఏం చెప్పారో రాయము. డాక్టరమ్మ రాయమని చెప్పిన ఒక్క సంగతి మాత్రం రాస్తాము. ఆ రాత్రి చనిపోయిన బిడ్డ తల్లి, బిడ్డను తీసుకుని వెళ్ళేటప్పుడు తన భుజం మీద చెయ్యి వేసిందట. ఏదో అన్నది, భాష అర్థం కాలేదు. ఆ మాట ఏమిటో తెలియక నెలల తరబడి తనకు నిద్ర పట్టలేదని ఆమె చెప్పినప్పుడు, ఎదురుగా ఉన్న ఆయమ్మ, "నువ్వు కూడా ఇంటికి పో, నువ్వు కూడా చిన్నపిల్లవే అన్నదమ్మా" అని చెప్పింది. ఇన్నాళ్ళూ ఆమెను ఎవరూ అడగలేదు గనుక ఆయమ్మ చెప్పలేదు.

అప్పటి నుంచి వార్డులో ఎవరైనా చనిపోతే, ఆ మంచం దగ్గర ఉన్నవారందరూ రెండు నిమిషాలు పని ఆపి నిలబడతారు. తర్వాత డాక్టరును పక్క గదిలో కూర్చోబెట్టి టీ ఇస్తారు. ఇంకొక కేసు ఎదురుచూస్తుంటే ఆ రెండు నిమిషాలు కూడా దొరకవు. దొరికినప్పుడు మానము.

విశ్వాసుల ఇళ్ళలో ఒక మాట తరచుగా వింటాము. దేవుని సేవలో ఉన్నవాడు అలసిపోకూడదని. ఏలీయా కథ జ్ఞాపకం చేసుకోండి. కర్మెలు మీద అంత గొప్ప కార్యం జరిగిన కొద్ది రోజులకే ఆ ప్రవక్త అరణ్యంలో చెట్టు కింద పడి, నా ప్రాణం తీసుకో అని దేవుని అడిగాడు. దూత వచ్చి అతని అవిశ్వాసాన్ని గద్దించలేదు. ముట్టి లేపి, కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టింది. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చింది. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నది. ప్రశ్నలు, ప్రసంగాలు, కొత్త పనులు అన్నీ తర్వాతనే. మోషే మామ యిత్రో కూడా అల్లుని పగలంతా ఒంటరిగా తీర్పులు తీరుస్తూ కూర్చోవడం చూసి మెచ్చుకోలేదు. ఇట్లా అయితే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారని చెప్పి పని పంచుకోమన్నాడు. రెండో మాట గమనించండి. వరుసలో నిలబడిన జనం కూడా నలిగిపోతారట.

కొండల మీది సెలవు

ఒకప్పటి దొరలు, దొరసానులు రాత్రింబగళ్ళు పనిచేశారు కదా, వారికి లేని అలసట వీరికెందుకు అని ఒక సంఘ పెద్ద మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్న. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో కోయల మధ్య జాన్ కెయిన్ గారు 19వ శతాబ్దంలో జ్వరాల నేల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. 1900లో వెల్లూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టిన డాక్టర్ ఐడా స్కడర్ గారు 1918లో స్త్రీల వైద్య పాఠశాల పెట్టారు. వీరి త్యాగం తగ్గించి చెప్పేవారము కాము.

కాని ఆ మిషనులు ఇంకొక సంగతి కూడా పాటించాయి. ఎండాకాలం రాగానే మిషనరీలను కొండలకు పంపేవారు. కొడైకెనాల్ ఊరు పుట్టిందే అట్లా, 1845లో అమెరికా మదురై మిషను వారు మైదానపు జ్వరాల నుంచి తప్పించుకోవడానికి వేసుకున్న ఇళ్ళతో. కొన్నేళ్ళకొకసారి స్వదేశానికి పొడవైన సెలవు కూడా ఉండేది. స్కడర్ గారు 1960లో కొడైకెనాల్‌లోని తన ఇంట్లో 89వ ఏట కన్నుమూశారు. అంతకాలం పని చేయగలగడంలో ఆ కొండగాలికీ భాగం ఉన్నదని మేము అనుకుంటాము. దానిని దొరల విలాసమని మనవాళ్ళు నవ్వేవారు. నిజానికి అది లెక్క చూసుకుని పెట్టిన సెలవు. కుర్రవాళ్ళు వరుసగా జ్వరంతో పోతుంటే మిషను నేర్చుకున్న పాఠం అది. అయితే దొరసాని కొండకు వెళ్ళిన రెండు నెలలూ ఆసుపత్రి నడిపిన తెలుగు నర్సమ్మలకు, కాంపౌండర్లకు ఏ కొండా లేదు. వారి పేర్లు మన పాత రిపోర్టులలో కూడా ఎక్కువగా కనిపించవు. ఆనాటి సెలవు పోయింది, వారి మీద పడిన బరువు మాత్రం ఇప్పటి పిల్లల మీదికి దిగింది.

మేము కూడా ఇది తెలిసీ తప్పాము. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, 1986 తర్వాత అంత నీరు ఎన్నడూ చూడలేదు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. నెలలు నిండిన గర్భిణులను ముందుగానే తెచ్చి వార్డులో పెట్టుకున్నాము. ఆ వారం ఎవరూ గంటలు లెక్కపెట్టలేదు, పెట్టకూడదు కూడా. వరద తీశాక మాత్రం, పనిచేసినవారికి సెలవు ఇస్తామన్న మాట మరిచిపోయాము. డెంగీ, మలేరియా సీజను వచ్చిపడింది. చలికాలంలో ఒక యువ డాక్టరు బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. కారణం అడిగితే అమ్మకు బాగాలేదన్నాడు. అమ్మ బాగానే ఉన్నదని తర్వాత తెలిసింది.

మన ఇళ్ళలో కూడా మెడిసిన్ చదివే పిల్లలున్నారు గనుక ఇంకొక్క మాట. ఫోనెత్తడం మానేసినా, తిండి, స్నానం పట్టించుకోకపోయినా, వస్తువులు పంచిపెడుతున్నా, నేను లేకపోతే మీకు భారం తగ్గుతుందని నవ్వుతూ అన్నా, తేలికగా తీసుకోకండి. చనిపోవాలని ఉన్నదా అని తిన్నగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. విశ్వాసం తక్కువైందని అనకండి. అంత కష్టపడి సీటు తెచ్చుకున్నావే, డబ్బు కట్టామే అని కూడా అనకండి. ఒంటరిగా వదలకుండా దగ్గరకు వెళ్ళండి, మానసిక వైద్యునికి చూపించండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. డబ్బు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. డాక్టరైనా, రోగియైనా, రోగి వెంట వచ్చినవారైనా చేయవచ్చును. ఈ నంబరు డ్యూటీ గది తలుపు లోపలివైపు, గడియ పక్కన రాయించాము.

ఈ ఏడాది కోత పండుగ కానుకలో కొంత భాగం డాక్టర్ల క్వార్టర్సు కప్పుకు వాడాలని కమిటీ అనుకున్నది. రెండో గదిలో వాన కురిస్తే మంచం మూలకు జరపవలసి వస్తున్నది. నాలుగో డాక్టరు కోసం రాసిన ఉత్తరాలకు ఇంకా జవాబు రాలేదు. ప్రార్థనలో పెట్టుకోండి.

సోమవారం ఓపీలో ఒక డాక్టరు తక్కువగా ఉంటారు గనుక, జ్వరాలు, గర్భిణులు, చిన్నపిల్లలు తప్ప షుగరు, బీపీ పాత రోగులు మంగళవారం గాని, శుక్రవారం గాని రండి. టోకెన్లు ఉదయం 8 నుంచి ఇస్తారు. దూరం నుంచి వచ్చేవారు కౌంటరులో ఊరి పేరు చెబితే, తిరుగు బస్సు అందేలా ముందు పిలుస్తారు. పాత చీటీ, మిగిలిన మందుల పొట్లాలు తెచ్చుకోండి. మందులు అయిపోయి కొనలేక మానేసి ఉంటే ఆ మాట సంకోచం లేకుండా చెప్పండి.

ఆ కాగితం రాసిన చెల్లెమ్మ ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. ఈ పత్రిక నీ చేతికి వస్తే, అమ్మా, నాన్నగారిని మంగళవారం తీసుకురా. డాక్టరమ్మ ఇంకా ఇక్కడే ఉన్నారు. ఆయన షుగరు ఎంతున్నదో ఆ రోజు సరిగా చూడలేదని ఆమె ఇప్పటికీ అంటున్నారు.